సీ ఎనిమోన్‌కు పేరు రాసేటప్పుడు కొలతలూ చూపించాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా గంజాం తీరం పేపర్లో కనిపించేది ఎక్కువగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రుషికుల్య మొగకు వచ్చినప్పుడే. వాటిపై ఉన్న శ్రద్ధ నాకూ సంతోషమే. కానీ ఇదే తీరంలో రాళ్లకూ గుల్లలకూ అంటుకుని బతికే, పువ్వులా కనిపించే మెత్తటి ప్రాణులు సీ ఎనిమోన్ల సంగతి ఎవరూ అడగరు. నేను చదివిన కొన్ని సర్వే నివేదికల్లో ఒక ఫోటో, దాని కింద ఒక శాస్త్రీయ నామం, అంతే. ఆ పేరు ఎలా తేల్చారో ఒక్క ముక్క ఉండదు.

ఈ ప్రాణులను రంగు చూసి పోల్చుకోలేం. జపాన్ వైపు నుంచి ఓడల అడుగుభాగాలకు అంటుకుని ప్రపంచమంతా పాకిన డయాడ్యుమెనే లినియాటా అనే చిన్న ఎనిమోన్‌నే తీసుకోండి. నారింజ చారలతో ఉండొచ్చు, చారలు లేకుండా ఉత్త ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉండొచ్చు. గోపాల్‌పూర్‌లో పోర్టు ఉన్నప్పుడు ఏది ఇక్కడిదో, ఏది బయటి నుంచి వచ్చిందో తెలియడం మనకు అవసరం. పోనీ ఫార్మలిన్‌లో దాచి తర్వాత చూద్దామంటే రంగు పోతుంది, ఒళ్లు ముడుచుకుపోతుంది.

అప్పుడు కూడా మిగిలేవి దంశకణాల్లోని, అంటే వేటను కుట్టే కణాల్లోని, సూక్ష్మమైన తిత్తులు. వాటి రకాలు, పొడవు, వెడల్పు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలిచి, లోపలి శరీర నిర్మాణంతో కలిపి జాతిని తేలుస్తారు. స్వీడన్ శాస్త్రవేత్త ఆస్కర్ కార్ల్‌గ్రెన్ 1949లో ప్రచురించిన సర్వేలో ఈ తిత్తుల రకాలకు పెద్దపీట వేశారు. డీఎన్‌ఏ పరీక్ష చాలదా అని విద్యార్థులు అడుగుతారు. జంతువుల జాతుల గుర్తింపుకు మామూలుగా వాడే మైటోకాండ్రియా జన్యువు ఈ ప్రాణుల్లో చాలా నెమ్మదిగా మారుతుంది. దగ్గరి జాతుల మధ్య తేడా చాలాసార్లు దొరకదు.

అయితే కొలతలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. నోటి చుట్టూ ఉండే మీసంలాంటి టెంటకిల్‌లోని తిత్తులు వేరు, గొంతులోవి వేరు, లోపలి పొరల అంచుల్లోవి వేరు. ఒకే ప్రాణి నుంచి తీసిన తిత్తుల్లోనే పొడవు మారుతుందని అర్డెలియన్, ఫాటిన్ అనే శాస్త్రవేత్తలు 2004లో చూపించారు. కొన్ని జాతుల్లో ఒళ్లు పెరిగేకొద్దీ తిత్తులూ పెరుగుతాయి. కాబట్టి ఒక్క ప్రాణి నుంచి పది తిత్తులు కొలిచి, సగటు తీసి, ఇది ఫలానా జాతి అని రాసేస్తే అది ఫోటో చూసి చెప్పినదానికంటే పెద్ద మెరుగేమీ కాదు. చూడ్డానికి లెక్కలా ఉంటుంది కనుక జనం ఇంకా తేలిగ్గా నమ్ముతారు కూడా. నాకు అదే భయం.

అందుకే నా విన్నపం. ప్రభుత్వ డబ్బుతో జరిగే ప్రతి తీర సర్వేలో, పేరు రాసిన ప్రతి ఎనిమోన్‌కూ ఎన్ని ప్రాణులను చూశారో, శరీరంలో ఏ భాగం నుంచి ఎన్ని తిత్తులు కొలిచారో, అతి చిన్నది ఎంత, అతి పెద్దది ఎంత అన్నది తప్పనిసరిగా ముద్రించాలి. నమూనాను పారేయకుండా గోపాల్‌పూర్‌లోని జూలాజికల్ సర్వే కేంద్రంలో భద్రపరచాలి. కొంత కణజాలం ఆల్కహాల్‌లో విడిగా ఉంచాలి, ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మంచి మైక్రోస్కోపు, దాని ఐపీస్‌లో (మనం కన్ను పెట్టి చూసే కటకంలో) అమర్చే మైక్రోమీటరు అనే చిన్న కొలబద్ద ఉంటే మొదలుపెట్టొచ్చు. బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల పిల్లలకు వాళ్లు ఈ పని నేర్పితే, వచ్చే సర్వేకు కొలిచేవాళ్లు ఇక్కడే దొరుకుతారు.

— ఒక జువాలజీ అధ్యాపకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా