కావాలనే చేశారా?

చిరంజీవి సింధుకి నాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. నేనేం చెప్పబోయినా "అది కాదు నాన్నా" అని నువ్వు అడ్డం వస్తావు. కాగితం మీదైతే ఆ బాధ లేదు కదా, అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

కొత్త ప్రాజెక్టు మీటింగుకి మీ మేనేజరు నిన్ను పిలవలేదు. మర్నాడు నువ్వు పెట్టిన మెయిల్‌కి జవాబివ్వలేదు. అదే వారం ఇంటి ఓనరు అద్దె పెంచుతానన్నాడు, స్కూటీ నడిరోడ్డు మీద ఆగిపోయింది, జ్వరం కూడా తగులుకుంది. "ఆయనకి నేనంటే పడదు, కావాలనే చేస్తున్నాడు. దేవుడు కూడా ఆయనతో కలిసిపోయినట్టున్నాడు" అన్నావు. నవ్వుతూనే అన్నావు గానీ ఆ నవ్వులో పస లేదు.

మీ మేనేజరు ఎలాంటివాడో నాకు తెలీదు. ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. అయితే "కావాలనే చేశారు" అన్న మాట గురించి మాట్లాడే హక్కు మాత్రం నాకుంది. సబ్‌స్టేషన్ ఆపరేటరుగా ఉద్యోగమంతా ఆ మాట పడ్డవాణ్ణి.

2011 ఏప్రిల్ 2, వరల్డ్ కప్ ఫైనల్ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. మనవాళ్ళు 275 కొట్టాలి. సెహ్వాగ్, సచిన్ ఇద్దరూ పోయారు, గంభీర్ కుదురుకున్నాడు. సరిగ్గా అప్పుడు కాలవ అవతలి ఊళ్ళకి కరెంటు తీసుకెళ్ళే లైన్, అంటే ఫీడర్, ట్రిప్పయి ఆగిపోయింది. కరెంటు ఎక్కడో నేలలోకి పోతోందని చెప్పే గుర్తు, ఎర్త్ ఫాల్ట్ రిలే ఫ్లాగ్, ప్యానెల్ మీద పడింది. ఒకసారి మళ్ళీ కరెంటు ఇచ్చి చూశాను, బ్రేకర్, అంటే లైన్‌ని కలిపి తెంచే పెద్ద స్విచ్చి, నిలబడలేదు. అంటే లైన్ మీద ఏదో ఉంది, అది తీసేదాకా మళ్ళీ ఇవ్వకూడదు. లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే టార్చిలైటు పట్టుకుని బండి మీద బయల్దేరాడు.

అతను లైన్ వెంబడి వెతుకుతుండగానే జనం బైకులేసుకుని సబ్‌స్టేషన్ గేటు దగ్గరికి వచ్చేశారు. పక్క ఊళ్ళో లైట్లు వెలుగుతున్నాయి, మాకే లేవు, ఇంకేం రుజువు కావాలి? "అవతలోళ్ళు ఎంతిచ్చారేంటి?" అని ఒకడు. "మా ఊరంటే ముందునించీ వీళ్ళకి చిన్నచూపు" అని ఇంకొకడు. వాళ్ళది వేరే ఫీడరయ్యా అంటే వినేదెవరు? లోపలికి పిలిచి రిలే ఫ్లాగ్ చూపిస్తే, "అది నువ్వే వేసుంటావ్" అన్నారు.

చివరికి లైన్‌మన్ కబురు చెప్పాడు. కాలవ గట్టు మీది తాటిచెట్టు నించి ఎండుమట్ట ఊడిపడి, తీగకీ స్తంభం మీది ఇనప క్రాస్ ఆర్మ్‌కీ మధ్య చిక్కుకుంది. లైన్ క్లియర్, అంటే తను పని ముగించేదాకా ఆ లైన్‌కి కరెంటు ఇవ్వనని నా హామీ, తీసుకుని దాన్ని లాగేశాడు, తర్వాత నేను కరెంటు ఇచ్చాను. ధోనీ సిక్సర్ వాళ్ళకి అందింది. అయితే వెళ్ళేముందు ఒకాయన గేటు దగ్గర ఆగి, చాలా సీరియస్‌గా ఆలోచించి అన్నాడు: "ఇవాళ గాలే లేదు గదా, మట్ట దానంతటది ఎందుకు పడుద్ది? ఎవడో లాగుంటాడు."

నా మీంచి దించిన నేరాన్ని ఊరికే వదిలెయ్యలేక, పేరు కూడా లేని ఇంకొకడి నెత్తిన పెట్టాడు పాపం. ఎండిపోయిన మట్ట మొదట్లో పట్టు వదిలితే పడుతుంది, గాలి అక్కర్లేదు. కానీ అంత పెద్ద మ్యాచ్‌కి అంత చిన్న కారణమా అని ఆయన బాధ. మట్టని తిట్టి ఏం లాభం?

ఇది మన పల్లెటూరివాళ్ళ గోల అనుకోకు. 1944లో అమెరికాలో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక చిన్న బొమ్మల ఫిల్మ్ తీశారు. అందులో పెద్ద త్రికోణం ఒకటి, చిన్న త్రికోణం ఒకటి, చిన్న గుండ్రం ఒకటి, తలుపులా తెరుచుకునే డబ్బా ఒకటి. అవి అటూ ఇటూ కదులుతాయి, అంతకు మించి ఏమీ లేదు. కాలేజీ అమ్మాయిలకి చూపించి, ఏం జరిగిందో రాయమన్నారు. మొదటి విడత 34 మందిలో బొమ్మల్ని బొమ్మలుగానే వర్ణించింది ఒక్కరే. తక్కినవాళ్ళకి అవి ప్రాణం ఉన్నవాటిలాగే కనిపించాయి. పెద్ద త్రికోణం రౌడీ, మిగతా రెండూ ప్రేమికులు, వాణ్ణించి తప్పించుకుని పారిపోయారు, ఇలా నడిచాయి కథలు. యూట్యూబులో ఉంది, చూడు. నేను సంగతంతా తెలుసుకునే చూశాను, అయినా పెద్ద త్రికోణం మీద ఒళ్ళు మండింది!

మన బుర్రలు అలా తయారవడానికి కారణం లేకపోలేదు. చీకట్లో తాడుని చూసి పామనుకుంటే పోయేది రెండు నిమిషాల పరువు. పాముని చూసి తాడనుకుంటే ప్రాణమే పోతుంది. అందుకని అనుమానించే బుర్రలే ఎక్కువగా బతికి బట్టకట్టాయని శాస్త్రజ్ఞుల్లో చాలామంది అంటారు. నాకూ సబబుగానే తోస్తుంది.

ఇక అన్నీ ఒకే వారంలో నీ మీదే పడ్డాయన్న సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, జర్మన్లు లండన్ మీదికి వీ-1 అనే ఎగిరే బాంబులు వదిలారు. కొన్ని పేటల్లో వరసగా పడేవి, కొన్నింటిలో ఒక్కటీ పడేది కాదు. ఫలానా చోట్లకి గురిపెట్టే వేస్తున్నారని జనం నమ్మారు. 1946లో ఆర్.డి. క్లార్క్ అనే బీమా లెక్కల నిపుణుడు దక్షిణ లండన్ మ్యాపు మీద 576 గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాడు. మొత్తం బాంబులు 537. 229 గళ్ళలో ఒక్కటీ పడలేదు, 35 గళ్ళలో మూడేసి, 7 గళ్ళలో నాలుగేసి పడ్డాయి. గురీ గుర్తూ లేకుండా పడి ఉంటే ఎన్ని గళ్ళు ఖాళీగా ఉండాలి? గణితం ప్రకారం దాదాపు 227.

అంటే గుడ్డిగా పడేవి కూడా గుంపుగానే పడతాయి. గడికొకటి చొప్పున లెక్కగా పడి ఉంటే అప్పుడు ఎవరైనా పనిగట్టుకుని వేశారేమోనని చూడాలి. నాలుగు బాంబులు పడ్డ గడిలో ఇల్లున్నవాడికి ఈ లెక్క చెబితే తంతాడనుకో. జ్వరంతో ఉన్న నీకు చెబుతున్నాను, నువ్వూ తిట్టుకుంటూనే చదువుతూ ఉంటావు.

దేవుణ్ణి కూడా లాగావు గనక ఇంకొకటి. 1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది, వేలమంది పోయారు. గాంధీగారు అప్పుడు హరిజన యాత్రలో దక్షిణాదిలో ఉన్నారు. అంటరానితనం పాటించిన పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ తట్టుకోలేకపోయారు. అంటరానితనం విషయంలో ఆయనకి గాంధీగారితో పేచీ ఏమీ లేదు. పేచీ అల్లా భూమి కదలడానికీ మనుషుల పాపానికీ ముడిపెట్టడం దగ్గరే. ప్రకృతిలో జరిగేవాటికి ప్రకృతిలోనే కారణాలుంటాయన్నారు. ఇంకో మెలిక కూడా పెట్టారు: ఈ వాదన గాంధీగారి కంటే ఆయన వ్యతిరేకులకే బాగా అతుకుతుంది, ఆయన వల్లే దేవుడికి కోపం వచ్చిందని వాళ్ళూ అనొచ్చు. గాంధీగారు మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు. అయితే ఠాగూర్ విమర్శని తన 'హరిజన్' పత్రికలోనే వేసి, పక్కన తన జవాబూ వేశారు. ఇద్దరిలో నాకు గాంధీగారే దగ్గరివాడు, ఈ ఒక్క విషయంలో మాత్రం ఓటు ఠాగూర్‌కే. దేవుడి మనసులో ఉందని మనం చెప్పేది చాలాసార్లు మన మనసులో అప్పటికే ఉన్నదే.

అమ్మ నీకు వీడియో కాల్లో దిష్టి తీసింది కదా, ఉప్పూ ఎండుమిరపకాయలూ ఫోన్ చుట్టూ తిప్పి. పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదుట, "చూశారా ఎంత దిష్టి ఉందో" అని నన్ను దబాయించింది. నేను కిక్కురుమనలేదు. మనసుకి ఊరట, పోయేది గుప్పెడు మిరపకాయలు. పైగా మీ అమ్మ ఎవరి దిష్టో పేరు పెట్టదు, అది నాకు నచ్చుతుంది. పేరు పెట్టిన చోటే ఘోరాలు జరుగుతాయి. ఇంట్లో పిల్లవాడికి జ్వరం తగ్గలేదనో, గేదె చచ్చిపోయిందనో, చేతబడి చేసిందని వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ మీద పడి కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల పేపర్లలోనూ ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

అన్నట్టు, కరెంటు పోయినప్పుడు కావాలని తీశానన్నవాళ్ళు, వచ్చినప్పుడు కావాలని ఇచ్చాడు అన్న పాపాన పోలేదు. నా ఉక్రోషం అనుకునేవాణ్ణి గానీ, దీని మీదా పరిశోధన ఉందట. 2003లో జాషువా నోబ్ అనే ఆయన జనానికి ఒక చిన్న కథ చెప్పాడు. ఒక కంపెనీ ఛైర్మన్ లాభం కోసం కొత్త పథకం మొదలుపెడతాడు. దానివల్ల పర్యావరణానికి హాని అని చెబితే "నాకు లాభం ముఖ్యం, పర్యావరణంతో పనిలేదు" అంటాడు. హాని జరుగుతుంది. ఆయన కావాలనే హాని చేశాడా అంటే 82 శాతం మంది అవునన్నారు. ఇంకొందరికి అదే కథలో హాని బదులు మేలు అని పెట్టి చెప్పాడు. కావాలనే మేలు చేశాడా అంటే అవునన్నది 23 శాతమే. ఛైర్మన్ అదే మనిషి, అన్నదీ అదే మాట.

ఇంత చెప్పానని జనం మాట ఎప్పుడూ తప్పే అనడం లేదు. 2012, 13 నాటి కోతలు గుర్తున్నాయా? రాత్రిపూట సరిగ్గా నువ్వు చదువుకునేటప్పుడే కరెంటు పోయేది. అది నిజంగా నేను కావాలని తీసిందే. పైనుంచి లోడ్ రిలీఫ్ ఇమ్మని, అంటే వాడకం తగ్గించడానికి కొన్ని ఫీడర్లు ఆపమని, ఫోన్ వస్తుంది, ఏ ఫీడర్ ఎంతసేపు అన్నది వాళ్ళే చెబుతారు, మనం బ్రేకర్ తీసి, టైము లాగ్‌బుక్‌లో రాసి కూర్చోవాలి. ఉద్దేశం ఉంది, కాదనలేం. కానీ మీటలు నొక్కమన్నవాడికి ఆ ఫీడర్ కింద ఎవరి ఇళ్ళున్నాయో తెలీదు. నా సొంత ఇల్లు కూడా దాని కిందే ఉంది కదా!

మీ ఆఫీసులో జరిగింది తాటిమట్టా, లోడ్ రిలీఫా, లేక నిజంగా నీ మీద కక్షా అన్నది ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కక్షే అయ్యే అవకాశమూ ఉంది, లోకంలో అలాంటివాళ్ళు లేకపోలేదు. ఆయన్నే నేరుగా అడుగు. "నన్నెందుకు పిలవలేదు" అనకు, అలా అడిగితే ఆయన సంజాయిషీలో పడతాడు. "ఆ మీటింగు లిస్టు ఎలా తయారైంది సార్, నేను ఏ పని మీద ఉండాలి?" అని అడిగి చూడు. పిలవనివాళ్ళు ఇంకెవరున్నారో, జవాబు రాని మెయిళ్ళు వేరేవాళ్ళకీ ఉన్నాయేమో కనుక్కో. మా ట్రిప్పింగ్ రిజిస్టరులా ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఏ తేదీన ఏం జరిగింది, ఎవరెవరికి జరిగింది, అంతే రాయి. ఎందుకు చేశాడన్నది రాయకు. నీకు మేలు జరిగినవి కూడా అందులోనే ఎక్కించు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. అందులో అన్నీ నీ ఒక్కదాని మీదే పడుతున్నాయని తేలితే వేరే ఉద్యోగం సంగతి ఆలోచిద్దాం, నేను అడ్డు చెప్పను. అప్పటిదాకా రిజైన్ లెటరు మాత్రం పెట్టకు. జ్వరం తగ్గకపోతే మాత్రం నోటుబుక్కు కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళు.

మీ నాన్న