మీ నాన్నగారి రేడియో పాడిందిరా

ఒరేయ్,

నిన్న రాత్రి మీ నాన్నగారి రేడియో పాడింది. ఫోన్‌లో చెబితే రెండు ముక్కల్లో అయిపోతుందని ఉత్తరం రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నువ్వు ఇచ్చి వెళ్లాక వెంటనే ప్లగ్ పెట్టలేదు. ఏళ్ల తరబడి మూలనపడ్డ వాల్వు సెట్‌కి (లోపల గాజు గొట్టాలతో పనిచేసేది) ఒక్కసారిగా కరెంటు ఇస్తే బాగున్నవి కూడా పోతాయి. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో కలిపి ఇచ్చాను. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్ బతికిపోతుంది. బల్బు కాసేపు వెలిగి మందగించింది, వాల్వులు ఎర్రబడ్డాయి. చప్పుడు మాత్రం లేదు.

మీటర్ పెడితే స్పీకర్‌కి పాటని అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ, అంటే వాల్వు వైపు తీగచుట్ట, తెగిపోయి ఉంది. పాడుతూ పాడుతూ టక్కున ఆగిపోయిందన్నావు చూడు, అది ఇందుకే.

అదే మోడల్ ఇంకో సెట్ వెతికి తెచ్చాను. ఏ ట్రాన్స్‌ఫార్మర్ అయితేనేం అనుకోకు. ఇందులో స్పీకర్‌ని నడిపే ఈఎల్84 వాల్వుకి 5,000 ఓంల పైచిలుకు లోడ్ కావాలి, స్పీకర్ చూస్తే నాలుగైదు ఓంలు. ఆ రెంటినీ కలిపేది ఈ ట్రాన్స్‌ఫార్మరే. వేరే వాల్వు కోసం చుట్టింది పెడితే మోగుతుంది గానీ గొంతు మారిపోతుంది. మీ ఇంట్లో విన్న గొంతే రావాలని నా పట్టుదల.

తెచ్చాను గానీ దాన్ని విప్పడానికి రెండు రోజులు చెయ్యి రాలేదురా. అదీ ఒకరింట్లో పాడిన సెట్టే కదా. ముందు దాన్నే బతికించగలనేమో చూశాను. చెక్కపెట్టె చెదలు తినేసి ముట్టుకుంటే పొడి రాలుతోంది, మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది, డయల్ అద్దం రెండు ముక్కలు. ఇక లాభం లేదని తేలాకే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను.

అయితే దాని ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి ఇందులో వెంటనే బిగించి ఉంటే అదీ కాలిపోయేది! మొదటిది ఎందుకు కాలిందో ముందు తెలియాలి. ఈఎల్84 గ్రిడ్ (వాల్వులో కరెంటుని అదుపు చేసే తీగ) దగ్గర సున్నా ఉండాల్సిన చోట మీటర్ 9 వోల్టులు చూపించింది. వాల్వు పీకేసి చూసినా అవి పోలేదు. అంటే తప్పు వాల్వుది కాదు, దాని ముందున్న చిన్న కాగితపు కప్లింగ్ కండెన్సర్‌ది, పాటని మాత్రం పోనిచ్చి వోల్టేజిని ఆపాల్సింది అదే. అది లీకై గ్రిడ్‌ని పాజిటివ్ చేసింది, వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగింది, ఆ వేడికి సన్నటి తీగ తెగింది. వేలెడంత కండెన్సర్ చేసిన పని!

అందుకే రెండో సెట్ నుంచి కండెన్సర్ ఒక్కటి కూడా తీసుకోలేదు. అవీ అదే వయసువి, తేమ పీల్చి ఉంటాయి. కొత్తవి వేశాను. కరెంటు మోతని అణిచే ఫిల్టర్ కండెన్సర్ డబ్బాని పైన అలాగే ఉంచి, కొత్తవి ఛాసిస్ కింద కట్టాను. గుంయ్‌మనే మోత లేదు. ట్రాన్స్‌ఫార్మర్, ఈఎల్84, రెండు వాల్వు బేసులు, డయల్ చక్రం స్ప్రింగు మాత్రం దానివి. స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ జోలికి పోలేదు. అది ఈ సెట్ కాయిల్స్‌తో కలిపి సరిచేసింది, మారిస్తే ముల్లు ఒకచోట, స్టేషన్ ఇంకోచోట ఉంటాయి.

అమ్మని కంగారుపడొద్దని చెప్పు. సెట్ ఆపినా లోపల 250 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది, ప్రతిసారీ రెసిస్టర్ తాకించి దించాకే చెయ్యి పెట్టాను.

నిన్న ముల్లు మెల్లగా తిప్పుతుంటే ముందు గరగర, తర్వాత ఎవరిదో మాట, చటుక్కున పాట. స్టేషన్ సరిగ్గా పట్టిందని చూపే మేజిక్ ఐలో నీడ ముడుచుకుని ఆకుపచ్చ వెలుగు పరుచుకుంది. నాకు గొంతు పట్టేసింది. వాల్యూమ్ పెంచకుండా అలాగే కూర్చుండిపోయాను.

ఒక్క పని మిగిలింది. ట్యూనింగ్ నాబ్ లేదు. రెండో సెట్‌ది సరిపోతుంది, బిగించి చూశాను కూడా. కానీ మీ నాన్నగారు రోజూ పట్టుకుని తిప్పింది మీ అటక మీద పాత డబ్బాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. వెతుకు. వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కలిసి బిగిద్దాం.

నీ
నేస్తం