గోస్తని ఒడ్డున వేలాడుతున్న తాళం గురించి మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారములు. భీమునిపట్నంలో గోస్తని నది సముద్రంలో కలిసే వైపు వెళ్ళే దారిలో, మీ తీర సుందరీకరణ పథకం కింద కట్టిన మరుగుదొడ్ల గది ఒకటి ఉంది. దాని తలుపులకు వేసిన తాళం గురించి నేను రాస్తున్న ఏడో లేఖ ఇది. మొదటి ఆరింటినీ కవర్లో పెట్టి, స్వయంగా కార్యాలయాల చేతికిచ్చి, రశీదు తీసుకుని వచ్చాను. ఆ ఆరు రశీదులూ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి, నా దగ్గర లేనిదల్లా జవాబే. అందుకని ఏడోదాన్ని కవర్లో పెట్టకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను. పథకం ఏమిటో, దాని ఉద్దేశాలేమిటో మీకు వివరించబోవడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది కనుక ఆ జోలికి పోను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఉద్యోగం అయిపోయినా పాఠం చెప్పే జబ్బు వదలక, మా కాలనీ ఆడవాళ్ళనూ వాళ్ళ పిల్లలనూ పోగుచేసి నెలకో ఆదివారం 900కె బస్సెక్కించి భీమిలి, అదే ఆ భీమునిపట్నం, తీసుకెళ్తుంటాను. విశాఖలో ఉంటూ భీమిలి చూడనివాళ్ళు ఎంతమందో మీకు తెలియనిది కాదు. తెలిసినవాళ్ళకు కూడా భీమిలి అంటే సముద్రం, వేయించిన చేపలు, తిరుగు ప్రయాణం. ఆ ఊళ్ళో 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిందనీ, విశాఖ ఇంకా పెద్ద నగరం అనిపించుకోకముందే అక్కడ డచ్చివారు కోట కట్టి, బట్టల వ్యాపారం చేసి, 1825లో ఇంగ్లీషువారికి ఊరు అప్పగించి వెళ్ళిపోయారనీ, వెళ్ళలేనివాళ్ళ సమాధులు శిఖరాల్లా నిలబడి ఇప్పటికీ అక్కడే ఉన్నాయనీ చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. భీముడు బకాసురుణ్ణి చంపిన చోటు ఇదేనని స్థలపురాణం కూడా చెబుతాను, ఎందుకంటే చరిత్రకు కదలని పిల్లవాడు కూడా బకాసురుడంటే కదులుతాడు. గంటస్తంభం, పాత దీపస్తంభం, పావురాళ్ళకొండ, కొండ మీద నరసింహస్వామి గుడి, చివరికి నదీ ముఖం. ఇదంతా ఒక పూటలో కాలినడకన తిరగగలిగిన ఊరు మన రాష్ట్రంలో ఇంకెన్ని ఉన్నాయో నాకైతే తట్టడం లేదు.

అంత తిరిగిన తరువాత ఆడపిల్ల ఎక్కడికి వెళ్ళాలి అన్నదే నా ఏడు లేఖల్లోనూ ఉన్న ఒకే ఒక్క ప్రశ్న.

మీరు ఆ గదిని చూసి ఉంటారని నేను అనుకోవడం లేదు కనుక కొంచెం వర్ణిస్తాను. గోడలకు లేత నీలం రంగు, దాని మీద ఎగిరే డాల్ఫిన్ల బొమ్మ. మూడు తలుపులు. ఒకదాని మీద స్త్రీలు అనీ, ఒకదాని మీద పురుషులు అనీ, మూడోదాని మీద దివ్యాంగులు అనీ రాసి ఉంది. తాళం మాత్రం ఏ వివక్షా లేకుండా ముగ్గురికీ వేసి ఉంది. దివ్యాంగుల తలుపుకు చక్రాల కుర్చీ ఎక్కేలా ఏటవాలు దారి కట్టారు, నిజంగా చక్కగా కట్టారు, ఆ ఏటవాలు మీద ఎవరో ఎప్పుడూ చేపలు ఎండబెట్టుకుంటూ ఉంటారు. కప్పు మీద నల్ల ట్యాంకు ఉంది. ట్యాంకు నుంచి కిందికి దిగవలసిన గొట్టం సగం గోడ దాకా వచ్చి ఆగిపోయింది. వెంటిలేటరులో గోరింక గూడు పెట్టుకుంది, ఈ పథకం వల్ల ఇంతవరకు లబ్ధి పొందినది నాకు తెలిసి ఆ పక్షి ఒక్కటే. గది వెనక గోడ సంగతి రాయడానికి నా చెయ్యి రావడం లేదు. తాళం వేసిన మరుగుదొడ్డికి వెనక గోడే మరుగుదొడ్డి అయింది, అదీ మగవాళ్ళకు. వాళ్ళకు గోడ ఉంది, చెట్టు ఉంది, చీకటి పడే దాకా ఆగవలసిన పనీ లేదు.

తలుపు మీద "తాళం చెవి కొరకు సంప్రదించండి" అని రాసి ఒక ఫోను నంబరు ఇచ్చారు. ఫోను చేశాను. ఎత్తిన పెద్దమనిషికి ఆనందపురం దగ్గర లారీలున్నాయట. మరుగుదొడ్డి తాళం కోసం తనకు ఫోను రావడం ఇది ఎన్నోసారో లెక్క లేదనీ, నంబరు మార్చుకుందామంటే పాత ఖాతాదారులు పోతారనీ ఆయన ఎంతో మర్యాదగా తన బాధ నాకు చెప్పుకున్నాడు. ఆయన పేరు మీద కూడా ఒక అర్జీ పెట్టాలేమో ఆలోచించండి.

గత కార్తికంలో వనభోజనాలకని పందొమ్మిది మంది ఆడపిల్లలనూ ఆరుగురు తల్లులనూ తీసుకుని వెళ్ళాను. పావురాళ్ళకొండ ఎక్కి దిగి, నది దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. అందులో పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె నా దగ్గరికి వచ్చి, చెవిలో ఒక్క మాట చెప్పి, చున్నీ నడుముకు చుట్టుకుని నిలబడిపోయింది. అంతకన్నా వివరంగా రాయను. ఆ తాళం ముందు ఆ పిల్లను వెంటబెట్టుకుని నిలబడినప్పుడు, ముప్ఫై ఒక్క ఏళ్ళు పౌరుల హక్కులు పాఠం చెప్పినదాన్ని, నాకు మొదటిసారి సిగ్గేసింది. పక్కన టీ కొట్టు నడుపుకునే ఆవిడ చూసి, ఏమీ అడగకుండానే స్టవ్వు ఆపి, "రండమ్మా, మా ఇంటికెళ్దాం" అని ముందు నడిచింది. మత్స్యకారుల వీధిలో రెండు గదుల ఇల్లు. ఒక పిల్ల కోసం తెరిచిన తలుపు దగ్గర పావుగంటలో పందొమ్మిది మందీ వరస కట్టారు. ఆ ఇంట్లో కుళాయి లేదు, నీళ్ళు బిందెలతో మోసుకుని తొట్టి నింపుకున్నారు. మేము బయటికి వచ్చేసరికి తొట్టి అడుగు కనిపిస్తోంది. డబ్బులివ్వబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాగేసుకుంది. ప్రభుత్వం గది కట్టి చేయలేని పనిని, ఆవిడ తొట్టెడు నీళ్ళతో, ఒక పూట బేరం పోగొట్టుకుని చేసింది. మీ నివేదికల్లో పర్యాటకులకు కల్పించిన సదుపాయాలు అన్న వరుసలో దయచేసి ఆవిడ స్నానాల గదిని కూడా చేర్చండి.

ఆ రోజు నుంచి ఇంకో సంగతి గమనించడం మొదలుపెట్టాను. మాతో వచ్చే ఆడవాళ్ళు ముందురోజు రాత్రి నుంచే మంచినీళ్ళు తగ్గించేస్తున్నారు. సీసాలు పిల్లల కోసం తెస్తారు, తాము మాత్రం పెదవులు తడుపుకుంటారు. విశాఖ తీరంలో ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? మొన్న వైశాఖంలో మా పక్కింటావిడ భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగగానే కళ్ళు తిరిగి రోడ్డు వారనే కూలబడింది. పొద్దుట నుంచి ఆవిడ తాగింది అర గ్లాసు కాఫీ. ఏమమ్మా అంటే, "తాగితే ఎక్కడికెళ్ళనండీ" అంది. అదొక్కటే మాట. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, తాటిపూడి జలాశయం నింపి, విశాఖ నగరానికి తాగునీరిచ్చి, మిగిలినది తీసుకుని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆవు పొదుగును తలపించే పేరు దానిది. ఇంటి దగ్గర మేమంతా ఆ నది నీళ్ళు తాగి బతుకుతున్నవాళ్ళమే. అదే నది ఒడ్డుకు వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం గుక్కెడు నీళ్ళు తాగాలంటే భయపడుతున్నాం. మంత్రివర్యా, దీన్ని మించి నేను చెప్పగలిగింది నిజంగా ఏమీ లేదు. అయినా అర్జీల కథ కూడా చెప్పకపోతే మీ యంత్రాంగానికి అన్యాయం చేసినదాన్నవుతాను.

మొదటి కార్యాలయంలో తాళం చెవి గుత్తేదారు దగ్గర ఉందన్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి మరీ అన్నారు, ఆ గుమాస్తా మర్యాద మరచిపోలేను. గుత్తేదారుకు బిల్లు రాలేదు కనుక గది అప్పగించలేదని రెండో చోట తెలిసింది. తరువాత వెళితే అప్పగించాడు గానీ ఊడ్చేవాళ్ళ పోస్టు మంజూరు కాలేదన్నారు. నీటి కనెక్షను వేరొకరు ఇవ్వాలి, ఆ స్థలం ఇంకొకరిది, సముద్రానికి దగ్గర కాబట్టి మరొకరి అనుమతి. ఇలా తిరిగి తిరిగి మొదటి కార్యాలయానికే వచ్చాను, ఈసారి కుర్చీ లేదు. అయిదో అర్జీ ఒక సోమవారం అర్జీల రోజున ఇచ్చాను. సరిగ్గా పన్నెండో రోజున రైతుబజారులో వంకాయలు ఏరుకుంటుండగా ఫోనుకు సందేశం వచ్చింది: "మీ అర్జీ సంతృప్తికరంగా పరిష్కరించబడినది." ఎవరి సంతృప్తి అని సందేశంలో లేదు. వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికెళ్ళి, నా బృందంలో అందరికీ ఫోన్లు చేసి, పాయసం ఒక్కటే వండలేదు గానీ పండగ చేసుకున్నాం. మరునాడు పొద్దున్నే మొదటి బస్సుకు ఒక్కదాన్నే భీమిలి వెళ్ళాను. నిజంగానే పని జరిగింది. తుప్పు పట్టిన పాత తాళం తీసేసి, ధగధగ మెరిసే కొత్త తాళం వేశారు. టీ కొట్టావిడ నా మొహం చూసి, "ఇలాటి తాళం మా గుమ్మానికి వేసుంటే దొంగల బయం ఉండదమ్మా" అంది. నవ్వాను. బస్సులో తిరిగి వస్తూ ఏడ్చాను కూడా, అది మీకు అనవసరం.

ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ జెండా ఊరికే రాదనీ, నీటి శుభ్రతతో పాటు తగినన్ని మరుగుదొడ్లు ఉండాలి, అవి శుభ్రంగా ఉండాలి అన్నది అందులో ఒక నియమమనీ మీకు తెలుసు. అంటే ఎలా చేయాలో మనకు తెలియక కాదు. పరదేశి వచ్చి తనిఖీ చేసే చోట చేతనైన పని, తనిఖీకి ఎవరూ రాని చోట ఎందుకు చేతకాదో తమరే సెలవివ్వాలి. ఎర్రమట్టి దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. చాలా సంతోషం. ఇక ముందు ప్రపంచమంతా వస్తుందని సభల్లో చెబుతున్నారు. వచ్చే ప్రపంచంలో సగం ఆడవాళ్ళే కదండీ. అయితే ఆ దిబ్బల మీద మాత్రం దయచేసి ఏమీ కట్టకండి, మీరు కట్టకపోవడమే వాటికి మేలు. రోడ్డు పక్కన, దిబ్బలకు దూరంగా, ఏదైనా తాత్కాలిక ఏర్పాటు చాలు.

పావురాళ్ళకొండ మీద రెండు వేల ఏళ్ళ నాడు బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి వాననీటి తొట్లు చేసుకున్నారు. పిల్లలకు చూపించినప్పుడల్లా, కొండ మీద నలుగురు ఉండాలంటే ముందు నీళ్ళు చూసుకోవాలని వాళ్ళకు తెలుసు అని చెబుతాను. పోయిన నెల ఒక పిల్లవాడు, "మరి కింద కట్టినవాళ్ళకు తెలీదా టీచర్" అన్నాడు. వాడికి జవాబు మీరు చెప్పండి, నా వల్ల కాలేదు.

కొత్త భవనం కావాలని మేము అడగడం లేదు. సీ ప్లేన్లు, గాజు వంతెనలు, తేలే భోజనశాలలు అసలే అడగడం లేదు. ఉన్న గదికి తాళం తీయించండి. ట్యాంకుకు గొట్టం పూర్తి చేయించి నీళ్ళు ఎక్కించండి. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒక మనిషిని జీతమిచ్చి కూర్చోబెట్టండి, ఆ జీతం నెలనెలా ఇవ్వండి. ఆ ఉద్యోగం టీ కొట్టావిడకే ఇస్తే ఇంకా మంచిది, ఆవిడ ఇప్పటికే జీతం లేకుండా చేస్తోంది. మనిషికి అయిదో పదో రూపాయలు పెట్టండి, ఇస్తాం. ఆ లారీల పెద్దమనిషి నంబరు చెరిపించండి. అన్నిటికన్నా ముందు తాళం తీయించండి. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకు ఊళ్ళకు ఊళ్ళే తరలివస్తాయి, తడి చీరలతో ఆడవాళ్ళు ఒకరికొకరు దుప్పటి అడ్డం పట్టుకుని బట్టలు మార్చుకుంటారు, ఆ గది పక్కనే, ఆ డాల్ఫిన్ల బొమ్మ ఎదురుగానే. కనీసం ఆ ఒక్కరోజుకైనా తీయించండి.

ఈ కార్తికంలో రెండో ఆదివారం మళ్ళీ వస్తున్నాం. ఈసారి మొత్తం ఇరవై ఎనిమిది మందిమి. మీరు వీలు చేసుకుని వస్తే గంటస్తంభం నుంచి నదీ ముఖం దాకా నేనే దగ్గరుండి చూపిస్తాను, పులిహోర మా ఇంటి నుంచే తెస్తాను. రాలేకపోతే తాళం చెవి ఎవరితోనైనా పంపినా చాలు. మీ జవాబు మీద నాకున్న నమ్మకాన్ని బట్టి, టీ కొట్టావిడకు ఇప్పటికే కబురు పెట్టి, నాలుగు బిందెల నీళ్ళు ఎక్కువగా పట్టి ఉంచమని చెప్పాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని,
విశాఖపట్నం.