మూసాపేటలో నన్ను ఇంటికి చేర్చినవారికి కృతజ్ఞతలు

కాలనీవాసులందరికీ నమస్కారం. ఇస్త్రీ బండికి ఎదురుగా ఉన్న మేడమీద గదిలో నాలుగు నెలలుగా అద్దెకు ఉంటున్నాను. మీలో చాలామందికి నా పేరు తెలియకపోయినా, రాత్రి పదిన్నర దాటాక మెట్రో స్టేషను వైపు నుంచి నీలం బ్యాగు తగిలించుకుని వచ్చే అమ్మాయి అంటే గుర్తుపడతారు. ఎవరికి వారికి విడిగా చెప్పిన కృతజ్ఞతలు నాకే చాలవనిపించి ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని మెడికల్ షాపు అన్నయ్య ముందే షరతు పెట్టారు కాబట్టి అందరినీ వారి వారి పనులను బట్టే తలుచుకుంటాను.

మాది పార్వతీపురం మన్యం జిల్లాలో, పాలకొండ దగ్గర ఒక పల్లె. పంజాగుట్ట వైపు ఒక ఆసుపత్రిలో బిల్లింగు కౌంటరులో ఉద్యోగం దొరికి ఈ హైదరాబాదు నగరానికి వచ్చాను. డ్యూటీ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు. నేను వెళ్ళి అడిగిన లేడీస్ హాస్టళ్ళన్నీ పదింటికే గేటుకు తాళం వేస్తామనడంతో గది తీసుకోక తప్పలేదు. మెట్రో రైలు పావుగంటలో మూసాపేటలో దించుతుంది. స్టేషనులో వెలుతురు, కెమెరాలు, సెక్యూరిటీవాళ్ళు ఉంటారు కనుక అక్కడిదాకా నాకెప్పుడూ భయం కలగలేదు. ఉన్న భయమంతా మెట్లు దిగాక మిగిలే కిలోమీటరు దూరంలోనే ఉంది.

ఆ దూరానికి ఫోనులోని మ్యాపు నాకొక అడ్డదారి చూపించింది. గోడౌను ప్రహరీ పక్కనున్న సందులోంచి వెళితే ఎనిమిది నిమిషాలు కలిసివస్తాయి. మా ఊళ్ళో చీకటి పడ్డాక ఏ సందులో నడిచినా ఎవరో ఒకరు అరుగు మీద నుంచి "ఎవరమ్మాయివే?" అని అడుగుతారు కనుక, దారికి దూరం, దగ్గర అనే తేడాలే తప్ప వేరే తేడాలు ఉంటాయని నాకు తోచలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో వెలుగుతున్న ఫోను, వంచిన తల, ఇదీ నా నడక.

రెండో వారంలో ఒక రాత్రి, ఆ సందు మొదట్లో ఒక బైకు నన్ను దాటి వెళ్ళింది. కొంతదూరం పోయి, వెనక్కి తిరిగి, నెమ్మదిగా పక్కనే వస్తూ "డ్రాప్ చేయాలా?" అని అడిగాడు దాని మీదున్న వ్యక్తి. వద్దన్నాను. మళ్ళీ ముందుకు వెళ్ళి, లైటు ఆర్పి, సందు మధ్యలో ఆగాడు. నేను వచ్చిన దారినే మెయిన్ రోడ్డు వైపు తిరిగాను. వెనుక బండి మళ్ళీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. మెడికల్ షాపు షట్టరు అప్పటికే సగం దించి ఉంది. దాని కిందనుంచి వంగి లోపలికి దూరాను.

అన్నయ్య నన్ను చూశారు, నా వెనుక ఆగిన బండిని చూశారు. నా నోట మాట రాకముందే, ఎప్పటినుంచో ఎరిగున్నవారిలాగా, రోడ్డు మీదికి వినబడేంత గట్టిగా, "ఏమ్మా, ఇంత లేటయింది? మీ వదిన అన్నం పెట్టుకుని కూర్చుంది, పైకి పో!" అంటూ షట్టరు పూర్తిగా పైకెత్తారు. అప్పటిదాకా ఆయన షాపులో నేనొక్క మాత్ర కూడా కొని ఉండలేదు. బండి వెళ్ళిపోయింది. వదిన కిందికి వచ్చి, మంచినీళ్ళిచ్చి, నా చేత 112కి ఫోను చేయించారు. బండి నంబరులో చివరి నాలుగు అంకెలే నాకు గుర్తున్నాయి. కాసేపటికి పోలీసులు వచ్చి వివరాలు రాసుకున్నారు. ఆ తర్వాత వదిన టార్చిలైటు పట్టుకుని నన్ను గది దాకా దించి, నేను లోపల గడియ పెట్టుకున్న చప్పుడు విన్నాకే వెనుదిరిగారు.

మరునాడు షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయడానికి కూడా ఆవిడే తోడు వచ్చారు. తెలంగాణ పోలీసులు 2014లో మొదలుపెట్టిన ఈ బృందాల గురించి మా ఊళ్ళో ఉండగా వినడమే తప్ప, మామూలు దుస్తుల్లో తిరిగే ఆ ఉద్యోగులను చూడడం అదే మొదటిసారి. అక్కడి మహిళా కానిస్టేబుల్, ఇష్టం లేదని చెప్పినా పదేపదే వెంటపడడాన్ని చట్టం 2013లోనే నేరంగా గుర్తించిందని, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ కింద ఉందని ఓపికగా వివరించారు. ఆమె నన్ను ఎంత దూరం, ఏ వైపు, ఏ రంగు బండి అని అడిగారే గాని, అంత రాత్రి నీకక్కడ ఏం పని అని అడగలేదు. ఆ ప్రశ్న నన్ను వేరేవాళ్ళు అడిగారు, అదీ నేను బాగా దగ్గరనుకున్నవాళ్ళు, కాబట్టి అడగకపోవడం విలువ నాకు తెలిసింది.

అసలు మేలు ఆ తర్వాత జరిగింది. టిఫిన్ బండి పెద్దమ్మ ఒకరోజు నన్ను ఆపి, "గా సందుల పోకు బిడ్డా, ఎవ్వరుండరు. మా ముందటికెళ్ళి పో" అన్నారు. అంతటితో ఊరుకోక, దోసె తిరగేస్తూనే మెయిన్ రోడ్డు దారిలో ఎవరెవరు ఎంతసేపు మేలుకుని ఉంటారో వరుసగా చెప్పుకొచ్చారు. కిరాణా కొట్టు పదింటికే మూస్తారు. పండ్ల బండి పదిన్నరకు పోతుంది. మెడికల్ షాపు పదకొండు దాకా, ఆవిడ బండి పిండి అయిపోయే దాకా. ఆ పైన అపార్టుమెంటు వాచ్‌మన్ తాత కుర్చీ తెల్లవార్లూ గేటు బయటే ఉంటుంది. నేను దగ్గరి దారి వెతుక్కుంటే, ఆవిడ నాకు మెలకువగా ఉండే దారి చూపించారు. అది ఎనిమిది నిమిషాలు ఎక్కువ. నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా ఆ ఎనిమిది నిమిషాలు దండగ అనిపించలేదు.

మలుపు దగ్గర మూడు స్తంభాలకు లైట్లు వెలగవని నేనంటే, ఇస్త్రీ బండి బాబాయి వాటి మీద పెయింటుతో రాసి ఉన్న నంబర్లను బొగ్గుతో అట్టముక్క మీద రాసుకొచ్చి ఇచ్చారు. లైటు లేదని ఊరికే చెబితే ఎవరూ వెతకరని, నంబరు చెబితే తప్పించుకోలేరని ఆయన వాదన. ఫిర్యాదులో ఆ నంబర్లు రాసి పంపాం. రెండు వెలిగాయి. మూడోదాని కోసం మళ్ళీ రాశాం.

వాచ్‌మన్ తాత నేర్పినది కుక్కల విషయం. గుంపు మొరిగితే పరుగెత్తవద్దని, కళ్ళలోకి చూడకుండా నిలబడి, నెమ్మదిగా పక్కకు తప్పుకోవాలని ఆయన చెప్పారు. మొదటి రెండు రోజులు ఆయనే కర్ర తాటిస్తూ నా వెంట వచ్చారు. ఇప్పుడా కుక్కలు నన్ను చూసి లేవనైనా లేవవు. వానాకాలంలో నీళ్ళు నిలిచినచోట అడుగు వేయవద్దని, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికీ తెలియదని కూడా ఆయనే హెచ్చరించారు.

ఇంటర్ చదువుతున్న వదిన వాళ్ళమ్మాయికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాలి. పవర్ బటన్ వరుసగా ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్ళేలా నా ఫోనును సరిచేసింది. స్టేషను మెట్లు దిగగానే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటసేపు పెట్టడం, వాన రోజున ఆటో ఎక్కితే, ప్రయాణం ముగిసేదాకా మనల్ని గమనిస్తూ ఉండే పోలీసులవారి టీ-సేఫ్ సేవ వాడడం కూడా ఆ పిల్లే చూపించింది. ఇయర్‌ఫోన్లు మాత్రం బ్యాగులోనే ఉండాలని ఆర్డరు వేసింది. పాటిస్తున్నాను, అప్పుడప్పుడూ చంటిపిల్లలాగా సంజాయిషీ చెప్పుకుంటూ.

ఆ బైకు మనిషి మళ్ళీ కనబడలేదు. ఫిర్యాదు నమోదై ఉంది. మా అమ్మ రోజూ రాత్రి పదకొండింటికి ఫోను చేసి, "పెద్దమ్మ బండి దాటావా?" అని అడుగుతోంది. మిమ్మల్నెవరినీ చూడకపోయినా వరుస తప్పకుండా అందరినీ అడుగుతుంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మీ అందరికీ అరిసెలు పంపిస్తానని మాటిచ్చింది. పెద్దమ్మకు బెల్లం తక్కువ వేసినవి విడిగా కట్టమని చెప్పాను.

వదినా, మీ టార్చిలైటు నా దగ్గరే ఉండిపోయింది. కొత్త సెల్లులు వేసి ఆదివారం తెచ్చిస్తాను.