కొయ్యకోట దిబ్బ తవ్వేటప్పుడు

అందరికీ నమస్కారం. పాతకాలపు కొయ్యకోట కోసం పోసిన మట్టిదిబ్బను పురావస్తు తవ్వకంలో ఎలా తవ్వాలని నిన్న అడిగారు, దానికి హెన్ డోమెన్ మంచి ఉదాహరణ. వేల్స్‌లో మాంట్‌గోమరీ దగ్గర 1070లలో కట్టిన కొయ్యకోట అది. పురావస్తు శాస్త్రవేత్త ఫిలిప్ బార్కర్ బృందం 1960లో అక్కడ తవ్వకం మొదలుపెట్టింది, దశాబ్దాలు పట్టింది. కొయ్య కుళ్ళిపోతే మిగిలేది మట్టి రంగులో తేడా మాత్రమే. సన్నటి గుంటలు తీస్తే అది తెలియదు, అందుకే విశాలంగా తెరిచి తాపీతో పొరపొరగా గీకారు.

స్తంభపు గుంట, అంటే ఒకప్పుడు కొయ్య స్తంభం పాతిన చోటు, కనబడగానే తవ్వేయకండి. ముందు పైనుంచి గీసుకోండి, తర్వాత అందులోని మట్టి సగమే తియ్యండి, నిలువు కోతను గీసి ఫొటో తీశాకే మిగతా సగం. నడుమ నల్లటి మట్టి ఉంటే స్తంభం నిలిచినచోటే కుళ్ళిందన్నమాట. మట్టి ఎండితే రంగులు మాయమవుతాయి, నీళ్ళు సన్నగా చిలకరించాలి.

అన్ని గోడలకూ గుంటలు ఉండవు. నేలమీద పరిచిన దూలాలపై లేచినవైతే గులకరాళ్ళ అంచే ఆధారం. చెత్త అనుకుని ఏరి పారేస్తే ఇల్లే పోయినట్టు!

అగడ్త అడుగు తడిలో కొయ్య నిలుస్తుంది. బయటపడ్డాక ఆరనివ్వొద్దు, పగిలిపోతుంది.

దిబ్బ పైభాగం ఒక్కటే చూసి తేల్చకండి. ఇంగ్లండ్‌లోని సౌత్ మిమ్స్ కోటలో బురుజు దిబ్బ మీద కాదు, దిబ్బ అడుగునున్న నేలనుంచే లేచింది, మట్టి దాని చుట్టూ పోశారు.