ఉద్యాన ఉపసంఘం వార్షిక నివేదిక: ఆకును, పువ్వును చూసి మొక్కను గుర్తించే కార్యక్రమం

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన కాలనీ పార్కులోను, వీధుల వెంబడి, ప్రహరీ గోడల పక్కన పెరుగుతున్న పూలమొక్కలను సరిగా గుర్తించి పేరు పలకలు పెట్టడం ఈ సంవత్సరం ఉద్యాన ఉపసంఘం చేపట్టిన ముఖ్యమైన పని. నీళ్లు, ఎరువులు, కొమ్మల కత్తిరింపు వంటి పనులు ఎప్పటిలాగే సాగాయి. వాటి ఖర్చు కోశాధికారి లెక్కల్లో ఉన్నందున ఇక్కడ తిరిగి రాయడం లేదు.

ఈ పనికి కారణం మా వల్ల జరిగిన ఒక పొరపాటు. పిల్లల ఆటస్థలం అంచున నాటడానికి ఒక నర్సరీవారు నందివర్ధనం అని చెప్పి ఇచ్చిన మొక్కలను, అప్పటికి పూత లేకపోయినా, మేము పరీక్షించకుండా నాటించాం. పూసిన తరువాత అవి తెల్ల గన్నేరు మొక్కలని తెలిసింది. గన్నేరులో ఆకు మొదలు గింజ వరకు ప్రతి భాగమూ విషమే కాబట్టి వాటిని వెంటనే తవ్వి తీయించి, పిల్లలు వెళ్లని వెనుక ప్రహరీ వైపు నాటించాం. పువ్వు కోసం ఎదురుచూడకుండా ఆకులను ఒక్క నిమిషం చూసి ఉంటే ఆ రోజే తేలిపోయేది. నందివర్ధనానికి ప్రతి కణుపు దగ్గర 2 ఆకులు ఎదురెదురుగా వస్తాయి. గన్నేరుకు సాధారణంగా ఒకే కణుపు చుట్టూ 3 ఆకులు వస్తాయి.

అందుకే మొదటి పరిశీలనకు గన్నేరు అనే పేరు కలిసిన మొక్కలనే ఎంచుకున్నాం. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, వీటితోపాటు నందివర్ధనం, అన్నీ అపోసైనేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. వీటి మొగ్గలో 5 రేకులు మెలితిరిగి చుట్టుకుని ఉండి, విచ్చుకున్నాక కూడా ఒకే వైపుకు ఒరిగి కనబడతాయి. అందువల్ల పువ్వు ఆకారం ఒక్కటే చూసినవారు పొరబడడం సహజం. ఆకులు పెట్టుకున్న తీరు చూస్తే మాత్రం అనుమానానికి చోటుండదు. గన్నేరు ఆకు సన్నగా, పొడవుగా, తోలులా దళసరిగా ఉంటుంది. మధ్య ఈనె నుంచి పక్క ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా అంచుదాకా సాగుతాయి. పచ్చగన్నేరు ఆకు ఇంకా సన్నం, నిగనిగలాడుతూ కణుపుకు ఒక్కటి చొప్పున కొమ్మ చుట్టూ తిరుగుతూ వస్తుంది, తుంచితే పాలు కారతాయి. దీని గింజలు కూడా చాలా ప్రమాదకరమైనవి కనుక ఆ చెట్టు కింద రాలిన కాయలను ఏరివేయడం తోటమాలి నిత్యపనిలో చేర్చాం. దేవగన్నేరుకు పెద్ద ఆకులు కొమ్మ చివర గుత్తిగా ఉంటాయి. ఆకును వెలుగుకు ఎత్తి పట్టి చూస్తే పక్క ఈనెలన్నీ అంచుకు కొంచెం లోపల ఒక గీతగా కలుస్తాయి. ఈ గీతను చూపించినప్పుడు పిల్లలు పడిన సంబరం మాకు ఈ ఏడాది దక్కిన పెద్ద తృప్తి.

బిళ్ళగన్నేరు మోకాలెత్తు మొక్క; ఆకులు ఎదురెదురు, కొన గుండ్రం. కలుపు మొక్క అనుకుని చాలామంది పీకేస్తున్నారు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ మొక్క ఆకుల నుంచే 1958లో కెనడా పరిశోధకులు విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును వేరుచేశారని సభ్యులు దయచేసి గుర్తుంచుకోవాలి.

వినాయక చవితికి ముందు ఆదివారం జరిపిన పత్రి పరిచయానికి సభ్యులు కుటుంబాలతో వచ్చారు. పూజలోని 21 పత్రాలలో కరవీరమంటే గన్నేరు, అర్కమంటే జిల్లేడు, సింధువారమంటే వావిలి అని ఆకులు చేతికిచ్చి చెప్పాం. వావిలిని 3 లేదా 5 చిన్న ఆకులుగా చీలిన రూపం, అడుగున బూడిద తెలుపు, నలిపితే వచ్చే ఘాటైన వాసన పట్టిస్తాయి. గన్నేరు, ఉమ్మెత్త ఆకులు తాకిన పిల్లలకు వెంటనే చేతులు కడిగించాలని అందరికీ మనవి చేశాం.

పారిజాతం విషయంలోనూ కొంత గందరగోళం ఏర్పడింది. పూత లేని పారిజాతాన్ని కొందరు లాంటానా అనే కలుపు పొద అనుకుని నరకమన్నారు. రెండింటికీ పలకలు తేరిన కొమ్మలు, గరుకైన ఎదురెదురు ఆకులే ఉంటాయి. అయితే లాంటానా ఆకు నలిపితే ఘాటు వాసన వస్తుంది, దాని కొమ్మల మీద తరచు చిన్న ముళ్లుంటాయి. పారిజాతానికి ముళ్లుండవు. తరువాత అదే చెట్టు కింద తెల్లవారేసరికి నారింజ కాడల తెల్లపూలు పరుచుకోవడంతో సందేహం పూర్తిగా తీరింది.

కాగితం పూల తీగలకు పలకలు పెట్టడం పూర్తయింది. తూర్పు వీధిలోని పొదలకు ఇంకా పెట్టవలసి ఉంది. వానలు మొదలైన తరువాత ఆ పని చేపడతాం. పేరు తెలియని మొక్క ఏదైనా ఉంటే సభ్యులు ఉపసంఘానికి చూపించవచ్చు. అయితే ఒంటి పువ్వును తుంచి తేకుండా, కనీసం 3 కణుపులు, వాటి ఆకులు చెడకుండా ఉన్న చిన్న కొమ్మను తేవలసిందిగా కోరుతున్నాం.