పదిసెంటీమీటర్ల పరుపు కొనకురా!

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

ఆలస్యం అయింది, తిట్టుకో, పడతాను. ఇక్కడ అంతా మామూలే. అమ్మ మోకాలు కాస్త నయం, ఉక్కపోత మాత్రం చంపేస్తోంది, చిన్నాడికి పరీక్షలు. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతికొస్తా.

ట్రెక్కింగ్‌కని నువ్వు ఫొటో పంపిన ఆ గాలి పరుపు కొనకు! డబ్బు కట్టేసుంటే కేన్సిల్ చేసెయ్. 10 సెంటీమీటర్ల మందం, అరకిలో లోపు బరువు అని మురిసిపోయావు గానీ, దాని కడుపులో గాలి తప్ప ఇంకేం లేదురా. మందం నడుముకి సుఖం, అంతే. వెచ్చదనం వేరే లెక్క. పరుపు లోపల అడ్డమేమీ లేకపోతే ఒంటి వేడి ఆ ఖాళీని దాటి నేలలోకి పోతుంది. నువ్వు దొర్లినప్పుడల్లా లోపలి గాలి కూడా కదిలి ఇంకాస్త వేడిని లాక్కుపోతుంది. అందుకే మంచి వాటిలో మెరిసే పొర పెడతారు, వేడిని వెనక్కి కొట్టడానికి. లేదా సింథటిక్ దూది పెడతారు, గాలి కదలకుండా. మెరిసే పొర ఉన్నది కొంచెం కరకరలాడుతుంది. నీ గురకలో అదెవడికి వినిపిస్తుందిలే.

మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉంది కదా అంటావు, తెలుసు. ఒంటి కింద నలిగిన ఈకల్లో గాలి మిగలదు, గాలి లేనిచోట వెచ్చదనం లేదు. నేల చలిని ఆపాల్సింది పరుపే.

కాబట్టి పెట్టె మీద వెతకాల్సింది ఆర్-వాల్యూ, అంటే పరుపు వేడిని పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె. ఎక్కువుంటే అంత వెచ్చన. దాన్ని అందరూ ఒకేలా కొలవడానికి 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చింది. అంతకుముందు ఏ కంపెనీ కొలత దానిదే, ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చలేకపోయేవాళ్ళం. ఆ ప్రమాణం పేరు లేకుండా ఉత్త అంకె మాత్రమే వేసినవాడిని నమ్మకు. అరకు, లంబసింగి చలికాలానికి 2, 3 సరిపోతుంది. నువ్వు వెళ్తున్నది డిసెంబర్‌లో హిమాలయాల్లోని కేదార్‌కంఠకి కదరా బాబూ! మంచు మీద పడక. 5కి తగ్గితే తెల్లార్లూ మెలకువే, మళ్ళీ నాకు ఏడుపు మెసేజులు పెడతావు.

ఒకే పరుపుతో 5 దాటాలంటే జేబు ఖాళీ. థర్మారెస్ట్ కంపెనీ పరుపు ఎక్స్‌థెర్మ్ ఎన్ఎక్స్‌టీ 7.3 ఇస్తుంది, బరువు 440 గ్రాముల దరిదాపు. దాని తమ్ముడు ఎక్స్‌లైట్ ఎన్ఎక్స్‌టీ 4.5, బరువు 370. కానీ ఒక తెలివైన దారి ఉంది: ఆర్-వాల్యూలు కూడుకుంటాయి! 3 ఉన్న గాలి పరుపు కింద 2 ఉన్న మడత ఫోమ్ షీటు వేస్తే 5 అయిపోతుంది. ఫోమ్ ఇంకో 400 గ్రాములు, బ్యాగ్ బయట కట్టుకోవాలి. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే రాళ్ళూ ముళ్ళూ గుచ్చుకునేది ముందు ఫోమ్‌కి. గాలి మొత్తం పోయినా ఒట్టి నేల మీదైతే పడవు.

వెడల్పు మామూలుగా 51 సెంటీమీటర్లు. గడియారం ముల్లులా తిరిగే నీ పడకకి అది చాలదు, 64 ఉన్నది చూడు. పక్కకి తిరిగి పడుకుంటావు కాబట్టి షాపులోనే పరీక్షించు. గట్టిగా ఊది, పక్కకి పడుకుని, వాల్వు నుంచి కొద్దికొద్దిగా గాలి వదులు. తుంటి కింద రెండు మూడు సెంటీమీటర్లు మిగిలాక ఆపు. రాయిలా బిగించి పడుకుంటే భుజం పీకేస్తుంది, లోపలి అతుకుల మీదా భారమే. సాయంత్రం ఊదినది రాత్రికి మెత్తబడితే లీకు అనుకుని కంగారుపడకు. చలికి లోపలి గాలి ముడుచుకుంటుంది, పడుకునే ముందు ఇంకాస్త ఊదితే చాలు. పగలు మాత్రం మూసిన టెంటులో బిగించి వదిలెయ్యకు, ఎండకి గాలి వ్యాకోచించి లోపలి అతుకు ఊడుతుంది. ఒకచోట బుడిపె లేస్తుంది, దానికిక మందు లేదు.

చిల్లికైతే మందుంది. బిగించి, స్పాంజితో సబ్బునీళ్ళు రాయి. సన్న బుడగలు వరసగా లేచినచోట స్కెచ్ పెన్నుతో గుండ్రంగా గీయి. గాలి తీసి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక ప్యాచ్ అంటించు. మూలలు గుండ్రంగా కత్తిరించు, కోణాలుంటే అక్కణ్ణించే లేస్తుంది. పైన బరువు పెట్టి కొన్ని గంటలు ముట్టుకోకు.

నోటితో ఊదితే లోపలికి తేమ పోతుంది, బూజు పడుతుంది. మన ఊరి గాలిలో మరీను. పంప్ సాక్ కొను, అదే గాలి నింపే సంచి. ఇంటికొచ్చాక చుట్టి పెట్టకు, వాల్వు తెరిచి మంచం కింద పరిచెయ్. వాల్వు గురించే ఇంకో ముఖ్యమైన ముక్క, అదేంటంటే లోపలికి ఒకటి, బయటికి ఒకటి విడిగా ఉన్నవైతే... అదిగో కింద మావయ్య హారన్ మీద హారన్, స్టేషన్‌కి దింపాలట. మిగతాది తర్వాత రాస్తా.

నీ
'సెక్రటరీ'